రోజీకి తగ్గిందా?

పోయిన నెల అంకుల్ జ్ఞాపకార్థ కూడికలో, ఆయన పనిచేసిన మందుల కంపెనీ నుంచి వచ్చిన అమెరికన్ బాసు లేచి నిలబడ్డాడు. "మా లాబ్‌లో ఆయన్ని ఇరవయ్యేళ్ళు చూశాను. 'నాకు తెలీదు' అని ఆయనంత ధైర్యంగా చెప్పే మనిషి ఇంకొకరు లేరు" అన్నాడు.

తెలుగు చర్చిలో కూర్చున్న వాళ్ళమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నా వెనక బెంచీలోంచి ఎవరో, "ఈయన వేరే ఫ్యూనరల్‌కి వెళ్ళబోయి ఇటొచ్చాడేమో" అని గొణిగారు. ముందు వరసలో ఆంటీ, అంటే ఆయన భార్య, కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

బాసు చెప్పింది నిజమేనట. మాత్రల నాణ్యత పరీక్షించడం అంకుల్ ఉద్యోగం. ఫలితంలో రవ్వంత అనుమానం ఉన్నా, పైవాళ్ళు ఎంత తొందరపెట్టినా, 'తెలియదు, మళ్ళీ పరీక్షించాలి' అని రాసి పక్కన పెట్టేసేవాడట. ఆ ముక్క విని మేం నోరు వెళ్ళబెట్టాం. ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్లలో ఆయన్ని పదిహేనేళ్ళుగా ఎరిగిన వాళ్ళలో, ఆయన నోటి వెంట 'తెలీదు' అన్న మాట విన్నవాళ్ళు లేరు. ఉన్న 'తెలీదు'లన్నీ ఆఫీసులోనే ఖర్చు పెట్టేసి ఇంటికొచ్చేవాడన్నమాట.

ఏదడిగినా చెప్పేవాడు. ముందు ఒక కన్ను మూసి, రెండో కంటితో పైకి చూసేవాడు, గాజు గొట్టంలో మందు ఎంతవరకూ వచ్చిందో చూస్తున్నట్టు. తర్వాత జవాబు వచ్చేది. శరత్కాలంలో చెట్ల ఆకులు ఎందుకు ఎర్రబడతాయంటే, "ఐరన్ ఎక్కువైపోయి" అన్నాడు. నా గ్రీన్‌కార్డ్ ఎప్పుడొస్తుందంటే, "మార్చిలో" అన్నాడు. ఏ మార్చో చెప్పలేదు. ఒకసారి మా పార్కింగ్ లాట్‌లో పెద్ద ట్రక్కు ఆగి, డ్రైవరు ఏదో ఫర్నిచర్ గోడౌనుకి దారి అడిగాడు. అంకుల్ చెయ్యి మొత్తం చాపి, "సెకండ్ లైట్ దగ్గర లెఫ్ట్" అన్నాడు. అరగంట తర్వాత అదే ట్రక్కు అవతలి వైపు నుంచి తిరిగొచ్చింది. ఇంకొకరైతే ఇంట్లోకి దూరి తలుపేసుకునేవారు. అంకుల్ ఎదురెళ్ళి, అంతే ధీమాగా, "అయితే థర్డ్ లైట్" అన్నాడు.

ఆయనకింకో జబ్బుంది. నిలబడ్డ మనిషిని చూస్తే ప్రాణం ఒప్పేది కాదు. ఆయన వ్యాన్‌లో ఎప్పుడూ ఎనిమిది మడత కుర్చీలుండేవి. బస్‌స్టాప్‌లో, స్కూలు గేటు దగ్గర, ఒకసారి ఇంటి ముందు పాతసామాను అమ్మే గరాజ్ సేల్‌లో కూడా, ఎవరైనా నిలబడి ఉంటే కుర్చీ తెచ్చి వేసేవాడు. అడక్కుండా వేసిన కుర్చీలో కూర్చోక తప్పేది కాదు. కూర్చున్నాక ఆయన్ని ఏదో ఒకటి అడక్కా తప్పేది కాదు.

ఒక వేసవి మా అమ్మ నా దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. తెనాలి కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ముప్ఫై రెండేళ్ళు సాక్షుల వాంగ్మూలాలు విని విని, ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడం అలవాటైపోయింది. మా అపార్ట్‌మెంట్లలో అలా వచ్చిన అమ్మలు ఆ ఏడు నలుగురైదుగురున్నారు. అందరికన్నా పెద్దావిడ నరసాపురం మామ్మగారు. ఎనభై దగ్గర. తెలుగు చర్చిలో ఆవిడ ప్రార్థన చేయడం మొదలుపెడితే పాస్టర్‌గారు వాచీ తీసి జేబులో పెట్టుకునేవారు.

జూన్‌లో మా వెనక ఉన్న టౌన్‌షిప్ పార్కులో, నాలుగు శనివారాల సాయంత్రాలు కంట్రీ మ్యూజిక్ అనే ఇక్కడి పల్లెపాటల కచేరీ పెట్టారు. గుండె జబ్బులున్న పిల్లల వైద్యం కోసం విరాళాలు సేకరించడానికి. మైకు లేదు, స్పీకర్లు లేవు, కరెంటు తీగ ఒక్కటి లేదు. గడ్డి మీద నాలుగు చెక్కపెట్టెలు, వాటి మీద గిటార్లూ ఫిడేలూ పట్టుకున్న ముగ్గురు, మధ్యలో తెల్లగడ్డం పెద్దమనిషి. ఆయన చేతిలో బాంజో, అంటే డప్పుకి వీణ మెడ తగిలించినట్టుండే వాయిద్యం. మామూలు రోజుల్లో ప్లంబింగ్ పని చేసుకుంటాడట. గొంతు మాత్రం పాత తలుపు తీసినట్టు, కిర్రుమంటూనే హాయిగా ఉండేది.

నేను నిమ్మరసం బల్ల దగ్గర వాలంటీర్ని. అమ్మల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టే బాధ్యత, కుర్చీలతో సహా, అంకుల్‌ది.

మొదటి పాట కాగానే అమ్మ అడిగింది. "ఏంటంట తమ్ముడూ?"

ఆ కంట్రీ యాస ఇక్కడ పుట్టిన మా పిల్లలకే సగం అర్థం కాదు. అంకుల్ కన్ను మూసి పైకి చూశాడు. "టామ్ అని ఒక రైతు, అక్కయ్యా. వానల్లేవు. గుర్రం చచ్చిపోయింది."

"అయ్యో" అన్నారు అందరూ.

మైకు లేని కచేరీ కదా, ఆ 'అయ్యో' పార్కంతా వినిపించింది. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, నవ్వుతూనే, పెదాల మీద వేలు పెట్టుకుంది. అంకుల్ మర్యాదస్థుడు. వెంటనే కుర్చీలన్నీ ఎత్తి, దూరంగా మేపుల్ చెట్టు కింద వేశాడు. అక్కడి నుంచి వీళ్ళ మాటలు ఎవరికీ వినపడవు, పాటలో మాటలు వీళ్ళకీ వినపడవు. ఉత్త రాగం వస్తుంది. మాటలు వినపడే బాధ కూడా తప్పాక అంకుల్‌కి అనువాదం ఇంకా సులువైపోయింది.

ఆయన పద్ధతి నాకు తర్వాత తెలిసింది. పాట చురుగ్గా ఉంటే టామ్ ఏదో కొన్నాడు. మెల్లగా ఉంటే ఎవరో పోయారు. ఉత్త బాంజో వాయిస్తే టామ్ ప్రయాణంలో ఉన్నాడు. పాటకో కథ చెబితే గుర్తుండదని, అన్నిటినీ కలిపి ఒకే కథ చేశాడు. టామ్ భార్య మేరీ, అత్తగారితో పడక పుట్టింటికి వెళ్ళిపోయింది. టామ్ ట్రాక్టర్ కొన్నాడు. వాళ్ళకి రోజీ అని ఆరేళ్ళ కూతురు.

అమ్మ ఇంటికొచ్చి నాకు పూసగుచ్చినట్టు చెప్పేది. అనుమానాలూ చెప్పేది. "గుర్రం మొదటి పాటలో చచ్చిపోయిందన్నాడా? నాలుగో పాటలో దాని మీదెక్కి మేరీని తీసుకురావడానికెళ్ళాడంటాడేంటే? అడిగాను."

"ఏమన్నారు?"

"అది ఇంకో గుర్రమంట. చచ్చిపోయినదాని చెల్లెలంట." కాసేపు ఆలోచించి, "చెప్పడం మాత్రం తడబడకుండా చెప్పాడు" అంది. మా అమ్మ దగ్గర అది పెద్ద సర్టిఫికెట్.

నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ అమ్మ అమెరికా వచ్చాక మొదటిసారి శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది. నేను నోరు మూసుకుని నిమ్మకాయలు పిండుకున్నాను.

మూడో శనివారం కథ అడ్డం తిరిగింది. చెక్కపెట్టెల వెనక పిల్లల బొమ్మలున్న బ్యానరు కట్టారు. అంకుల్ దాన్ని చూశాడో ఏమో, పాట మెల్లగా సాగుతుంటే రోజీకి గుండెలో చిల్లు పెట్టేశాడు. ఆపరేషన్ గదిలోకి కూడా తీసుకెళ్ళాడు. సరిగ్గా అప్పుడే వాన. వాయిద్యాలు పాడవుతాయని పాటగాళ్ళు సగంలో ఆపి పరుగెత్తారు. పిల్ల బల్ల మీదే ఉండిపోయింది.

ఆ వారం మా అపార్ట్‌మెంట్లలో అమ్మలెవరికీ అన్నం సహించలేదు. ఫోన్లు. "ఆరేళ్ళ పిల్ల తట్టుకుంటుందా?" "మేరీకి కబురందిందో లేదో?" వాళ్ళలో వాళ్ళు తర్కించుకుని ఇంకో సంగతి తేల్చారు. అంత బాధగా పాడాడంటే అది కథ కాదు, బాంజో ఆయన సొంత గోడు. టామ్ ఆయనే. పిల్ల ఆయన కూతురే. ఆ పిల్ల ఆపరేషన్ కోసమే ఈ కచేరీలు.

ఆదివారం చర్చిలో నరసాపురం మామ్మగారు కర్ర ఊతంతో లేచారు. "రోజీ అనే చిన్నబిడ్డ, గుండాపరేషనండీ. అందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలి" అన్నారు. నూట యాభై మంది మోకాళ్ళూనారు. అమ్మకి తోడుగా వెళ్ళిన నేను కళ్ళు మూసుకోకుండా అంకుల్‌నే చూస్తున్నాను. ఆయనా మోకాళ్ళూనాడు. ఆయన చెవులు శరత్కాలం ఆకుల్లా ఎర్రబడ్డాయి. చివర్లో ఆమెన్ కూడా అన్నాడు, చాలా నెమ్మదిగా.

బయట పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నాను. "అంకుల్, రోజీ ఎవరు?"

"నువ్వూ అడుగుతున్నావామ్మా" అని వ్యాను తలుపుకి ఆనుకున్నాడు. జీవితంలో మొదటిసారి కుర్చీ అవసరమైనవాడిలా కనిపించాడు. "ఎవరూ కాదు. వాళ్ళ పాటల్లో ఒక్క ముక్క నాకర్థం కాదు."

"మరి ఆ మాటే చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పనమ్మా?" అని, తను కొత్తగా ఈ దేశం వచ్చినప్పటి సంగతి చెప్పాడు. మంచులో, న్యూవార్క్ బస్‌స్టేషన్‌లో, చేతిలో అడ్రసు చీటీ తడిసిపోయి, ఎవరిని దారి అడిగినా 'సారీ, నో ఐడియా' అన్నారట. పదకొండు మంది. "అందరూ మర్యాదగానే చెప్పారు. కానీ ఆ పదకొండోవాడు అబద్ధమైనా సరే ఏదో ఒక దిక్కు చూపిస్తే బాగుండుననిపించింది. కనీసం నడిచేవాణ్ణి కదా, చలికి."

నాకు కోపం సగం దిగిపోయింది. "సరే. వచ్చే శనివారం రోజీకి తగ్గించేయండి. గొడవ వదిలిపోతుంది."

"నేనూ అదే అనుకున్నాను. కానీ స్లో పాట వస్తే?" అన్నాడు దీనంగా. "వాళ్ళు నా మాట వినరమ్మా, రాగం వింటారు. స్లో అంటే పోయినట్టేనని నేనే అలవాటు చేశాను."

శనివారం పాట దాకా రానే లేదు. నిమ్మరసం బల్ల సర్దుకుంటున్నానో లేదో, అమ్మలంతా వరసలో నడుచుకుంటూ చెక్కపెట్టెల వైపు వెళ్ళడం కనిపించింది. ముందు మా అమ్మ, జరీ అంచు చీర. వెనక నరసాపురం మామ్మగారు, చంకలో డబ్బా. అందరికన్నా వెనక అంకుల్, రెండు చేతుల్లో రెండు కుర్చీలు, 'అక్కయ్యా, అక్కయ్యా' అంటూ. నేను గ్లాసులు వదిలేసి పరుగెత్తాను.

బాంజో ఆయన తీగలు బిగించుకుంటున్నాడు. మా అమ్మ ఆయన ముందు నిలబడి, ముప్ఫై రెండేళ్ళ కోర్టు ఇంగ్లీషంతా కూడగట్టుకుంది. "సర్, వి ఆర్ డీప్లీ అగ్రీవ్డ్. ప్లీజ్ స్టేట్ ది ప్రెజెంట్ కండిషన్ ఆఫ్ ది మైనర్ చైల్డ్."

ఆయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "విచ్ చైల్డ్, మామ్?"

"యువర్ డాటర్. రోజీ."

"నాకు కూతురు లేదండీ. అసలు పెళ్ళే చేసుకోలేదు" అన్నాడు ఆయన ఇంగ్లీషులో, ఎంతో వినయంగా.

అమ్మకి అర్థమైంది. అయినా అధికారికంగా రికార్డు కావాలి కదా. వెనక్కి తిరిగి, "ఏంటంట తమ్ముడూ?" అంది.

అంకుల్ కన్ను మూయలేదు. పైకి చూడలేదు. చేతిలో కుర్చీలు కింద పెట్టాడు. "ఆయనకి పిల్లల్లేరక్కయ్యా. నేనే కల్పించాను. నాకు వాళ్ళ పాట అర్థం కాదు."

గిటార్ల వాళ్ళు కూడా చేతులాపారు.

"గుర్రం?" అంది అమ్మ.

"లేదక్కయ్యా."

"దాని చెల్లెలు?"

"అదీ లేదు."

"మేరీ? అత్తగారు?"

"లేరక్కయ్యా."

"ట్రాక్టరు?"

"ట్రాక్టరు ఉందనే అనుకుంటున్నా. మొదటి వారం ముందు కూర్చున్నప్పుడు ఆ మాట వినిపించినట్టే ఉంది."

నాకు నవ్వొచ్చింది గానీ మామ్మగారిని చూసి ఆగిపోయాను. ఆవిడ అంకుల్ పెట్టిన కుర్చీలోనే కూలబడ్డారు. "ఆరు రోజులు మోకాళ్ళ మీదున్నాను నాయనా" అన్నారు. "ఈ మోకాళ్ళతో. పొద్దున్నే లేచి ముందు ఆ పిల్ల పేరే చెప్పుకున్నాను. లేని పిల్ల కోసం అడిగానంటే దేవుడు నా మొహం ఇంక చూస్తాడా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధనిపించింది. అంకుల్ ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అమ్మలు చెట్టు కిందికి వెళ్ళి కూర్చున్నారు. ఖాళీ కుర్చీల్లో సంచులు పెట్టుకున్నారు, అంకుల్‌కి చోటు లేకుండా. ఆయన అవతల గడ్డి మీద, చెప్పుల మీద కూర్చున్నాడు.

బాంజో ఆయన నన్ను ఆపి ఏం జరిగిందని అడిగాడు. చెప్పాను. మొదటి శనివారం గుర్రం దగ్గర్నుంచి చర్చిలో ప్రార్థన దాకా. మధ్యలో రెండుసార్లు పగలబడి నవ్వాడు. ప్రార్థన సంగతి వచ్చేసరికి నవ్వు ఆపి, మామ్మగారి వైపు చాలాసేపు చూశాడు. "ఆ పిల్ల పేరేమిటన్నారు?" అని ఇంకోసారి అడిగాడు. అంతే.

కచేరీ నడిచింది. చెట్టు కింద ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. అనువాదం లేకపోతే ఆ పాటలు అంత పొడుగుంటాయని అప్పుడే తెలిసింది. మా అమ్మ ఆవలించింది. అందరూ వెళ్ళడానికి సంచులు సర్దుకుంటుంటే, బాంజో ఆయన లేచి నిలబడి, పార్కు చివరికి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు. "ఆఖరి పాట. రోజీ అనే చిన్నపిల్ల గురించి."

చెట్టు కింద ఐదు తలలూ ఒక్కసారి లేచాయి.

"రోజీ అన్నాడు" అంది మా అమ్మ. "అన్నాడా లేదా?"

అన్నాడు. కానీ పాట మొదలైంది. స్లో పాట.

మామ్మగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అంకుల్ గడ్డి మీంచి లేచాడు. నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. వరసల మధ్య నుంచి, జనం కాళ్ళు దాటుకుంటూ, నేరుగా ముందుకి వెళ్ళి, బాంజో ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. పెదాల మీద వేలు పెట్టుకున్న ఆవిడ ఈసారి జరిగి చోటిచ్చింది. తెల్లగడ్డం పెద్దమనిషి అంకుల్ మొహంలోకే చూస్తూ, యాస తగ్గించి, ఒక్కో మాటా విడివిడిగా, చంటిపిల్లాడికి గోరుముద్ద పెట్టినట్టు పాడాడు.

పాట అయిపోయింది. అంకుల్ వెనక్కి నడిచి వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. అది చూసి మామ్మగారు కళ్ళు గట్టిగా మూసేసుకున్నారు.

"చెప్పు బాబూ. రోజీకి తగ్గిందా?"

"తగ్గిందండీ" అన్నాడు అంకుల్. "ఇంటికి తీసుకెళ్తున్నారు. దారిలో కారాపి పీచ్ ఐస్‌క్రీమ్ కొనిమ్మని పేచీ పెడుతోందట."

అమ్మ వెంటనే నన్ను పట్టుకుంది. "ప్రమాణం చేసి చెప్పు. అలాగే పాడాడా?"

"అలాగే పాడాడమ్మా." నేను బల్ల దగ్గర్నుంచి ముందుకొచ్చి విన్నాను. పీచ్ ఐస్‌క్రీమ్‌తో సహా ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నాలుగు వారాల్లో ఆయన చేసిన సరైన అనువాదం అదొక్కటే.

"మరి ఇందాక పిల్లే లేదన్నావేంటి తమ్ముడూ?" అమ్మ గద్దించింది.

"నిజంగానే లేదక్కయ్యా, నేను కల్పించి..."

"ఊరుకో" అంది అమ్మ. "పెళ్ళి కాలేదన్నాడుగా. అందుకే నలుగురి ముందు పిల్ల సంగతి ఒప్పుకోలేకపోయాడు పాపం. పాటలో చెప్పుకున్నాడు. నువ్వు ఆయన పరువు కాపాడటానికి నింద నీ మీదేసుకున్నావు. ఇలాంటి కేసులు ఎన్ని చూడలేదు!"

అంకుల్ నిజం చెప్పిన ఒక్కసారీ ఎవరూ నమ్మలేదు. మామ్మగారు అప్పటికే దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంటున్నారు. మధ్యలో ఆపి, చంకలోని డబ్బా అంకుల్ చేతిలో పెట్టారు. "కజ్జికాయలు బాబూ. పిల్లకిమ్మను. మళ్ళీ మెత్తబడిపోతాయి, పరుగెత్తు."

ఆయన డబ్బా తీసుకెళ్ళాడు. బాంజో ఆయన మూత తీసి, ఒకటి కొరికి, మామ్మగారి వైపు టోపీ ఎత్తాడు. "థాంక్యూ కైండ్లీ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మూత పెట్టి, డబ్బాని పిల్లల వార్డు నుంచి వచ్చిన నర్సు బల్ల మీద పెట్టాడు. అంకుల్ వెనక్కి తిరిగి చెట్టు వైపు నడిచాడు. యాభై అడుగులుంటుంది. ఆ యాభై అడుగుల్లోనే ఆ రెండు మాటలు పెరిగాయి.

"ఏమన్నాడు తమ్ముడూ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడక్కయ్యా. వచ్చే ఏడు రోజీని కూడా తీసుకొచ్చి మీ అందరి దీవెనలూ ఇప్పిస్తానన్నాడు."

నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. మా అమ్మ మాత్రం దారిపొడుగునా లోలోపల లెక్కలు వేసుకుంటూ నడిచి, ఇంట్లోకి అడుగు పెట్టగానే చెప్పింది.

"ఇదిగో, వచ్చే జూన్‌కి నా టికెట్ ఇప్పుడే బుక్ చేసేయ్. ఆ పిల్లని చూడాలి."